అమ్మ గదికి వెళ్లే తీగ

పోయిన వారం కేబుల్ మేస్త్రిని ఆ ఇంటి గుమ్మం ముందు, భుజాన సంచీతో, చేతిలో సిగ్నల్ కొలిచే మీటరుతో నిలబెట్టి వదిలేశాం. వారం పాటు నిలబడితే ఎవరి కాళ్లయినా పీకుతాయి కాబట్టి ఇక లోపలికి తీసుకెళదాం. పోయిన సంచిక పక్కింటివాళ్లు ఎత్తుకెళ్లి తిరిగివ్వని పాఠకుల కోసం ముందుగా నాలుగు మాటలు.

ఆ ఇంటి ముసలావిడ పోయి తొమ్మిది రోజులైంది. ఏడాదిగా ముక్కుకు గొట్టం, మంచం పక్కన ఊపిరి మిషను. గొట్టం జారితే మిషను కూతపెడుతుంది, దాని పక్కనున్న చిన్న పెట్టె ఇంటర్నెట్ మీదుగా ఆసుపత్రికీ, ఇంట్లో అందరి ఫోన్లకీ కబురు పంపుతుంది. ఆ మధ్యాహ్నం గొట్టం జారింది. రేకుల మీద వాన హోరులో మిషను కూత ఎవరికీ వినపడలేదు. పెట్టె పంపాల్సిన కబురు ఎవరికీ అందలేదు. మూడూ పది నుంచి మూడూ యాభై రెండు దాకా పెట్టె జాడే లేదని ఆసుపత్రి లెక్క. యాభై రెండుకి ఫోన్లు మోగాయి. అందరికన్నా ముందు మెట్లు దూకి వచ్చినవాడు పెద్దకొడుకు. అప్పటికే అయిపోయింది.

కేబుల్ కంపెనీవాళ్లు వచ్చి, ఆ పూట వీధి లైను నిక్షేపంగా ఉందని కాగితం రాసిచ్చారు. అంటే లోపం ఇంటి లోపలే. ముసలావిడ గదిలో గోడకి రెండే సాకెట్లు, ఒకటి ఊపిరి మిషనుకి, ఒకటి ఆ పెట్టెకి ఇంటర్నెట్ అందించే మోడెంకి. ఆ రోజు ఆ గది మూల ఇస్త్రీ పెట్టె కనిపించింది. చిన్నకోడలు ఇస్త్రీ కోసం మోడెం ప్లగ్గు పీకిందని పెద్దకొడుకు తేల్చేశాడు. పొద్దున్న అక్కడ పెట్టి మరిచిపోయాను తప్ప ప్లగ్గు ముట్టుకోలేదని ఆమె చెప్పింది. ఆమె మాట గోడలు విన్నాయి, మనుషులు వినలేదు. మేస్త్రి వచ్చి లైను బాగానే ఉందని చెబితే చాలు, ఆమె పుట్టింటికి వెళ్లాలి, నాలుగేళ్ల పాప ఇక్కడే ఉండాలి. ఇదీ తీర్పు.

తలుపు తీసింది పెద్దకొడుకే. యాభై దాటిన మనిషి. తల్లిని చూసుకోవడానికి పెళ్లి మానుకున్నాడు. ఎవరైనా ఆ మాటెత్తితే, మా అమ్మకి నేను, నాకు మా అమ్మ, ఇంకెవరికి ఖాళీ ఉందండీ అని నవ్వేసేవాడు. ఇప్పుడు చొక్కా గుండీలు ఒకదాని కన్నంలో ఒకటి పెట్టుకుని ఉన్నాడు. గడ్డం మాసిపోయింది.

“రండి మేస్త్రీ. మీ మాట మీదే ఉంది ఇల్లంతా. ఉన్నదున్నట్టు చెప్పండి. నా మొహం చూసి చెప్పొద్దు, ఎవరి ఏడుపులూ చూసి చెప్పొద్దు.”

“నేను చెప్పేదేముంది సార్, మీటరు చెప్పేదే నేను చెప్తాను” అన్నాడు మేస్త్రి.

ముప్పై ఏళ్లుగా ప్రతి ఇంట్లోనూ అనే మాటే అది. నంబరు అబద్ధం చెప్పదని అతని నమ్మకం. తన కూతురికి పని నేర్పేటప్పుడు మొదటి రోజు చెప్పిన పాఠం కూడా ఇదే. కొందరు పిల్లలకి దేవుణ్ణి చూపించి దణ్ణం పెట్టిస్తారు, ఇతను మీటరు చూపించాడు.

ముసలావిడ గదిలో మంచం మీద పరుపు ఒక్కటే మిగిలింది. దుప్పట్లు తీసేశారు. ఊపిరి మిషను గొట్టం చుట్టలా చుట్టి మిషను మీదే పెట్టారు. చిన్నకొడుకు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. అన్న ఎంత చెబితే అంత అనే రకం. తండ్రి లేని ఇంట్లో అన్నే తండ్రి అయ్యాడు కాబట్టి అతన్ని మరీ తప్పు పట్టలేం. కానీ భార్య కళ్లు తుడుచుకుంటుంటే గోడ సున్నం గోక్కుంటూ నిలబడే మొగుణ్ణి చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. చిన్నకోడలు గది బయట, పాపని కాళ్లకి ఆనించుకుని ఉంది.

మేస్త్రి మోడెం వెనక కేబుల్ విప్పి మీటరుకి తగిలించాడు. ప్లస్ రెండు. సున్నాకి అటూ ఇటూ ఏడు లోపల ఎంతున్నా మోడెం ఆరోగ్యంగా ఉన్నట్టే. ఇది అచ్చమైన పెళ్లికొడుకు నంబరు. కేబుల్ మళ్లీ బిగించి, తన ఫోన్లో మోడెం లోపలి పేజీ తెరిచాడు. మోడెం తన డైరీ తానే రాసుకుంటుంది. ఎప్పుడు కరెంటు పోయింది, ఎప్పుడు సిగ్నల్ పోయింది, అన్నీ నిమిషాలతో సహా. చాలామందికి ఆ పేజీ ఉందని కూడా తెలియదు.

తొమ్మిది రోజుల వెనక్కి వెళ్లి చూశాడు. మూడూ పది: సిగ్నల్ దొరకడం లేదు. మూడూ పదకొండు: వెతుకుతున్నాను. మూడూ పన్నెండు: వెతుకుతున్నాను. అలా యాభై రెండు దాకా అదే వరస. కరెంటు పోయినట్టు ఒక్క ముక్క లేదు. ప్లగ్గు పీకితే డైరీ రాయడానికి మోడెంకి ప్రాణమెక్కడిది? ఆ నలభై రెండు నిమిషాలూ అది వెలుగుతూనే ఉంది, రాని సిగ్నల్ కోసం నిమిషనిమిషానికీ అరుస్తూనే ఉంది.

ఆమె పీకలేదు. ఆ మాట మేస్త్రి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ రోగం పేరు తెలియకుండా రోగి బాగున్నాడనే వైద్యుడంటే అతనికి పడదు. వీధిలో లైను బాగుంది, గదిలో నంబరు బాగుంది, మరి ఆ పూట మధ్యలో ఏం తెగింది?

“ఈమధ్య ఇంట్లో లైను ఏమైనా కదిలించారా సార్?”

“అదేంటి, మీకు తెలీదా? మీ అమ్మాయే కదా వచ్చి నా గదికి టీవీ లైను లాగింది” అన్నాడు పెద్దకొడుకు. “మూడు వారాలవుతుందేమో. పనిమంతురాలండీ. గోడకి ఒక్క కన్నం పెట్టలేదు. మూడు గదుల్లోనూ బొమ్మ అద్దంలా వచ్చింది.”

మేస్త్రికి తెలియదు. కూతురు ఇల్లిల్లూ తిరిగి చేసిన పనులన్నీ రాత్రి అన్నం దగ్గర పూసగుచ్చినట్టు చెబుతుంది. ఈ ఇంటి సంగతి మాత్రం చెప్పలేదు. అతను మీటరు సంచీలో పెట్టి, నిచ్చెన ఎక్కడుందని అడిగాడు.

మెట్ల పైన, పెద్దకొడుకు గది గోడని ఆనుకుని అటక ఉంది. పాత పెట్టెలు, చుట్టేసిన పరుపు, కాలు విరిగిన కుర్చీ. మేస్త్రి మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లి టార్చి వేశాడు. వీధి నుంచి వచ్చే కేబుల్ అక్కడే ఇంట్లోకి దిగుతుంది. పని చూడగానే కూతురి చేయి గుర్తుపట్టాడు. కనెక్టర్లు వేళ్లతో కాక స్పానరుతో బిగించి ఉన్నాయి. కేబుల్ ఎక్కడా మడత పడలేదు. చుట్టూ ఉండే జాలీ పోగు ఒక్కటైనా లోపలి రాగి తీగకి తగల్లేదు. టేపు కొసని వెనక్కి ఓ వేలెడు మడిచిపెట్టింది, తర్వాత విప్పేవాడు గోళ్లతో గీక్కోకుండా. వంక పెట్టడానికి లేని పని. వంకంతా ఒక్కచోట ఉంది, అది కనపడేసరికి మేస్త్రి టార్చి ఇంకా దగ్గరికి తెచ్చాడు.

సంగతి ఇదీ. కేబుల్లో వచ్చే సిగ్నల్ పిండి కొద్దీ రొట్టె. పంచుకునేవాళ్లు పెరిగితే పిండి పెరగదు. స్ప్లిటర్ పెట్టి రెండు దారులు చేస్తే ఒక్కో దారికీ సగమే వెళుతుంది, మీటరు మీద మూడున్నర పడిపోతుంది. నాలుగు దారులు చేస్తే ఏడు. అందుకని ఇంట్లో ఆగకూడని తీగ ఏదైనా ఉంటే, అన్నిటికన్నా ముందు దాన్ని రెండు దారుల స్ప్లిటర్‌తో విడదీసి సూటిగా పంపెయ్యాలి. మిగిలిన సగంలో టీవీలన్నీ కొట్టుకు చావనీ. చాలకపోతే ఆ రెండో దారి మీద బూస్టర్ పెట్టి సిగ్నల్ పెంచుకోవచ్చు. బూస్టర్ కరెంటు మీద బతుకుతుంది. కరెంటు ఉన్నంతసేపు పహిల్వాను. పోయిందంటే దారికి అడ్డంగా పడ్డ బండరాయి, తన వెనకున్న ఎవరికీ ఏమీ అందనివ్వదు.

ఇక్కడ వీధి కేబుల్ ముందు బూస్టర్‌లోకే వెళ్లింది. దాని వెనక నాలుగు దారుల స్ప్లిటర్. హాలుకి ఒకటి, పెద్దకొడుక్కి ఒకటి, చిన్నకొడుకు గదికి ఒకటి. నాలుగోది ముసలావిడ గదికి.

బూస్టర్ అడాప్టర్ తీగ గోడలోని పాత కన్నంలోంచి పెద్దకొడుకు గదిలోకి వెళ్లిపోయింది. అటకలో ప్లగ్గు లేదు మరి.

మేస్త్రి ఫోను తీశాడు.

“నాన్నా, చెప్పు. మేడ మీదున్నా, ఎండ మాడిపోతోంది” అంది కూతురు. వీధిలో అందరూ ఆమెని చిన్నమేస్త్రి అంటారు. అలా పిలిచినప్పుడల్లా మేస్త్రి వినబడనట్టు నటిస్తాడు, లోపల మాత్రం పొంగిపోతాడు.

“అమ్మలూ, ఊపిరి మిషను ముసలావిడ ఇంట్లో బూస్టర్ వేశావా?”

“వేశాను. నీకు బూస్టర్ అంటేనే గిట్టదు కదా, చెప్తే తిడతావని చెప్పలేదు.”

“ఆవిడ గది తీగని బూస్టర్‌కి ముందు ఎందుకు తియ్యలేదు?”

“అలానే తీసి చూశాను నాన్నా. పైన టీవీకి బొమ్మ ముక్కలైపోయింది. గోడకి కన్నం పెట్టి కొత్త లైను లాగుతానంటే ఆయన ఒప్పుకోలేదు. ఇలా పెడితే నాలుగూ బాగా వచ్చాయి. ఆవిడ గదిలో ప్లస్ రెండు! నువ్వు వేసినా అంత రాదు. మూడుసార్లు చూశాను.”

“కరెంటు ఆపి చూశావా?”

“నడుస్తున్నదాన్ని ఆపడమెందుకు నాన్నా?”

“ఆ ప్లగ్గు ఆపకూడదని ఆయనకి చెప్పావా అమ్మలూ?”

“చెప్పాను. చెప్పాననే అనుకుంటున్నా. దిగి చేతులు కడుక్కుంటూ ఏదో చెప్పా, ఆయన ఫోన్లో మాట్లాడుతున్నారు… నాన్నా, నువ్వక్కడెందుకున్నావ్? ఆవిడ పోయారని విన్నాను. వయసైపోయి కదా? వయసైపోయే కదా నాన్నా?”

ఇరవై నాలుగేళ్ల పిల్ల ఆఖరి మాటకి అయిదేళ్ల పిల్లయిపోయింది.

“మేడ దిగు. దిగి నీడలో కూర్చో. నేను ఫోను చేసేదాకా నిచ్చెన ఎక్కకు. విన్నావా?”

ఫోను పెట్టేసి అలాగే కూర్చుండిపోయాడు. కూతురి మీద కోపం రాలేదు. వస్తే బాగుండుననిపించింది. నంబరు అబద్ధం చెప్పదని నేర్పింది ఎవరు? నంబరు అబద్ధం చెప్పలేదు. స్విచ్ ఆపి ఆ నంబర్ని ఇంకోసారి అడగాలని మాత్రం అతను ఎప్పుడూ నేర్పలేదు, ఎందుకంటే అతను ఏ ఇంట్లోనూ బూస్టర్ వెయ్యలేదు. తనకి నచ్చని వస్తువు గురించి కూతురికి తిట్లు నేర్పాడే గాని జాగ్రత్తలు నేర్పలేదు.

సంచీలో రెండు దారుల స్ప్లిటర్ ఉంది. స్పానర్ చేతిలోనే ఉంది. ముసలావిడ గది తీగని విప్పి బూస్టర్‌కి ముందుకు మార్చడం రెండు నిమిషాల పని. మారిస్తే లైను ఎలా ఉండాలో అలా ఉంటుంది. స్విచ్ ఎవరు ఎన్నిసార్లు ఆపినా మోడెం కదలదు. ఎవరొచ్చి చూసినా చిన్నమేస్త్రి పనికి వంక దొరకదు. మోడెం డైరీ చదవడం ఈ ఇంట్లో ఎవరికీ రాదు. లైను బాగానే ఉంది సార్ అంటే చాలు. అది అబద్ధం కూడా కాదు, అప్పటికి బాగానే ఉంటుంది కదా! మనిషి తప్పు చెయ్యాలనుకున్నప్పుడు బుర్ర ఎంత చురుగ్గా పనిచేస్తుందో చూడండి.

స్పానర్ కనెక్టర్‌కి తగిలించి అరచుట్టు తిప్పాడు.

కింద పాప గొంతు వినపడింది. “అమ్మా, బట్టలన్నీ ఎందుకు సర్దావ్? మనం ఊరెళ్తున్నామా?”

“నువ్వు కాదమ్మా. నేనొక్కదాన్నే.”

“ఎప్పుడొస్తావ్?”

మేస్త్రి కళ్లు మూసుకున్నాడు. ఒకరి కూతురు తప్పించుకోవాలంటే ఇంకొకరి కూతురు తల్లి లేకుండా పెరగాలి. ఏడుపొచ్చింది. అటకలో చూసేవాళ్లు లేరు కాబట్టి కాసేపు ఏడ్చాడు. తర్వాత ఆ అరచుట్టుని వెనక్కి తిప్పి, కనెక్టర్‌ని ముందున్నట్టే గట్టిగా బిగించి, మొహం తుడుచుకుని నిచ్చెన దిగాడు.

పెద్దకొడుకు మెట్ల కింద కాచుకుని ఉన్నాడు. “ఏం తేలింది?”

“మీ మరదలు ప్లగ్గు పీకలేదు సార్” అన్నాడు మేస్త్రి.

గోడ గోకుతున్న చిన్నకొడుకు చెయ్యి ఆగిపోయింది. పెద్దకొడుకు మొహం కందగడ్డయింది. “అంత తేలిగ్గా ఎలా చెప్తారు? వీధి లైను బాగుందని కాగితమిచ్చారు. గదిలో బాగుందని ఇందాక మీరే మీటరు చూసి తలాడించారు. ఇంక మిగిలింది ప్లగ్గేగా!”

“మధ్యలో ఒకటుంది. సార్, ఆ మధ్యాహ్నం మీరేం చేశారో ఓసారి చెప్తారా?”

“నేనా? నన్నెందుకు అడుగుతున్నారు?”

“అందర్నీ అడగాలి కదండీ.”

పెద్దకొడుకు విసుక్కుంటూనే మొదలుపెట్టాడు. “అమ్మకి అన్నం పెట్టాను. రెండు ముద్దలు తింది. మూడు దాకా పక్కనే కూర్చున్నాను. కళ్లు మూసుకుంటే, మరదలు ఇంట్లోనే ఉంది కదా అని పైకి వెళ్లాను. ఉరుములు మొదలయ్యాయి. ఉరిమితే టీవీ బోర్డు ఆపెయ్యరా, కాలిపోతుంది అని అమ్మ చిన్నప్పట్నుంచీ చెప్పేది. ఆ రోజు కూడా, ఊపిరందని మనిషి, మబ్బు చూసి చేత్తో సైగ చేసింది, ఇలా, ఆపెయ్ అని.” గాల్లో స్విచ్ నొక్కినట్టు బొటనవేలు ఆడించి చూపించాడు. ఆ కాస్తలో అతని మొహం మెత్తబడింది. “ఆపేసి పడుకున్నాను. వాన తగ్గాక మెలకువొచ్చి మళ్లీ వేశాను. రెండు నిమిషాలకి ఫోను మోగింది.”

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టని మనవాళ్లంటారు. ఎక్కడో ఉరిమిన దానికి ఈ ఇంట్లో నోట్లో నాలుక లేని చిన్నకోడలు తొమ్మిది రోజులుగా మాడుతోంది. కానీ మేస్త్రికి ఇప్పుడు ఆమెకన్నా ఎదురుగా ఉన్న మనిషిని చూస్తేనే గుండె తరుక్కుపోయింది. తల్లి చెప్పిన మాట విన్నాడు. అంతే అతను చేసింది.

“సార్, ముందు కూర్చోండి. ఒక మాట చెప్పాలి.”

“కూర్చునే ఓపిక లేదు నాకు. మాటలు వద్దు. తొమ్మిది రోజులుగా ఈ ఇంట్లో మాటలే. ప్లగ్గు పీకకుండా ఆ పెట్టె ఎలా చచ్చిపోతుందో చూపించండి, నమ్ముతాను.”

“చూపించడమంటే…”

“చూపించలేరు! అందుకే నసుగుతున్నారు. ఆ అమ్మాయి ఏడుపు చూసి కరిగిపోయారు మీరు కూడా.”

చెప్పాల్సింది అప్పుడే. కుర్చీలో కూలేసైనా, చేతులు పట్టుకునైనా చెప్పాల్సింది. మేస్త్రి ధైర్యం అంతవరకు వచ్చి ఆగిపోయింది. కాలిన వైరు, విరిగిన పిన్ను చూపించడం తెలిసిన మనిషి, నీ తల్లి చావుకి నీ వేలే కారణమని చెప్పడానికి మాటలెక్కడ వెతుక్కుంటాడు?

“అయితే పైకెళ్లండి” అన్నాడు నేల చూస్తూ. “ఆ రోజు ఏం చేశారో అదే చెయ్యండి. టీవీ బోర్డు ఆపండి. నేనిక్కడ మోడెం దగ్గర ఉంటాను.”

“నా గదికీ అమ్మ గదికీ ఏంటి సంబంధం?” అని విసవిసా మెట్ల వైపు నడిచి, వెనక్కి తిరిగి తమ్ముణ్ణి పిలిచాడు. “నువ్వూ రారా. నువ్వే సాక్షి. తర్వాత మీ ఆవిడ నేను ఆపలేదని అంటుంది.”

తమ్ముడు తల వంచుకుని వెంట వెళ్లాడు. పాపని హాల్లో బొమ్మల ముందు కూర్చోబెట్టి చిన్నకోడలు గదిలోకి వచ్చింది. మోడెం మీద నాలుగు దీపాలు, నాలుగూ ఆకుపచ్చగా నిలకడగా వెలుగుతున్నాయి. మెట్ల మీద అడుగులు వినపడుతున్నాయి.

“మేస్త్రీ గారూ, ఆయన గదిలో స్విచ్చికీ దీనికీ ఏంటండీ?”

“ఆ బోర్డులో బూస్టర్ ప్లగ్గుంది తల్లీ. అది ఆగితే ఈ గదికి సిగ్నల్ రాదు. ఆయనకి తెలీదు. అలా పెట్టింది మా అమ్మాయి. తప్పు మాది.”

చిన్నకోడలు ఒక్క నిమిషం అర్థం కానట్టు చూసింది. ఆ తర్వాత ఆమె మొహంలో నెత్తురుచుక్క లేదు. తను బయటపడ్డానన్న సంతోషం ఒక్క రవ్వయినా ఆ మొహంలో వెతికినా దొరకదు.

“అంటే ఆయనే…” నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “వద్దండీ! ఆ స్విచ్ ముట్టుకోవద్దనండి. ఆయనకి తెలిస్తే బతకరు. మీకు తెలీదు. మొన్న ఆయన గది సర్దుతుంటే దిండు కింద నిద్రమాత్రలు, ఒకటి కాదు, నాలుగు డబ్బాలు. నేనే తీసి దాచేశాను. నన్ను తిట్టుకుంటూ ఉన్నారు కాబట్టి ఇంకా తిరుగుతున్నారాయన. ఆ తిట్టు ఆగితే…”

“అమ్మా, నిన్ను పంపించేస్తారు. పాపని ఉంచేసుకుంటారు.”

“తెలుసు.”

మేస్త్రి మెట్ల వైపు రెండడుగులు వేశాడు. అప్పటికే ఆలస్యమైంది. పైన టక్కున స్విచ్ చప్పుడైంది. మోడెం మీద మూడో దీపం రెండుసార్లు రెప్పలాడించి ఆరిపోయింది. దాని వెనకే నాలుగోది. ఇద్దరూ ఆ చీకటి చుక్కల్ని చూస్తూ నిలబడిపోయారు.

“ఆపేశాను!” పైనుంచి పెద్దకొడుకు కేక. “ఏమైనా అయిందా?”

పైన తలుపు తెరిచిన చప్పుడైంది.

“మిమ్మల్నే! ఏమైంది?”

చిన్నకోడలు కొంగుతో కళ్లు తుడుచుకుని గుమ్మంలోకి వెళ్లి తల పైకెత్తింది.

“ఏం కాలేదు బావగారూ. అన్నీ వెలుగుతూనే ఉన్నాయి.”

మేస్త్రి కళ్ల ముందు కూతురు మెదిలింది. ఎవరి మేడ కిందో నీడలో, ఫోను చేతిలో పట్టుకుని కూర్చుని ఉంటుంది. అవునంటే చాలు, ఆ పిల్ల బతుకంతా హాయిగా నిద్రపోతుంది. అటకలో ఏడ్చి ఏడ్చి వదిలించుకున్న అబద్ధాన్ని ఈ తల్లి తన చేత్తో తెచ్చి అతని ముందు పెట్టింది, పుణ్యం పూత పూసి మరీ. చిన్నకోడలు అతని వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

పెద్దకొడుకు గొంతు మెట్ల మలుపు దాకా దిగింది.

“తన మాట నాకొద్దు. మేస్త్రీ, మీరు చెప్పండి.”